ఆదివారం తగ్గే లిమిట్

తోటపల్లి గూడూరు,
ఫిబ్రవరి 10, సోమవారం.

బ్యాంకు మేనేజరు సాహిరా గారికి,

మీ ఖాతాదారుడు, మూడు రొయ్యల గుంటలు సాగుచేసే జయకుమార్ వందనాలతో రాస్తున్నది.

ఆన్‌లైన్ మీద ఫిర్యాదు కూడా ఆన్‌లైన్‌లోనే చేసుకోమని మీ కౌంటరులో చెప్పారు. దొంగ మీద దొంగకే అర్జీ పెట్టుకున్నట్టు ఉంటుందని కాగితం పట్టుకున్నాను.

ఇల్లు మీ దగ్గర తాకట్టు పెట్టి ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకున్నాను కదా. రోజుకు మూడు లక్షల దాకా వాడుకునేటట్టు ఫోనులో లిమిట్ నేనే పెట్టుకున్నాను. నిన్న ఆదివారం చర్చి వదిలాక, నెల్లూరు నుంచి వచ్చిన నరేంద్రబాబు గారికి ఆయన అయిదెకరాల గుంట లీజు కోసం అడ్వాన్సు పంపబోయాను. లిమిట్ వెయ్యి నూట పదహారు రూపాయలని చూపించింది. క్రెడిట్ కార్డు తీశాను. దాని లిమిట్ నూట పదహారు! ఇవి లిమిట్లా, పెళ్ళి చదివింపులా?

అక్కడికక్కడే పెంచితే ఇరవై నాలుగు గంటలు ఆగమంది. ఆయన కారెక్కి వెళ్ళిపోయాడు. కాగితం మీద సంతకం పెట్టేటప్పుడే అడ్వాన్సు పడాలంటాడు, మా ఊరికి ఆయన వచ్చేది ఆదివారాలు మాత్రమే. గుంట తీసుకుంటానని నలుగురిలో మాట ఇచ్చిన మనిషిని, నా పరువేం కావాలి? మీ కంప్యూటరుకు ఆదివారం సెలవా?

ఇట్లు,
నొచ్చుకున్న
జయకుమార్

తా.క.: నా పిన్ ఇంకొకరికి తెలిసే వీలే లేదు. ఆరు అంకెలూ చర్చిలో నేనెప్పుడూ చెప్పే బైబిల్ వాక్యంలోంచి తీసుకున్నాను. దొంగలకు వాక్యం ఏం తెలుస్తుంది?

*

ఫిబ్రవరి 12.

జయకుమార్ గారికి నమస్కారం.

మీ ఉత్తరం అందింది. మా శాఖకు చేతిరాత ఉత్తరం వచ్చి రెండేళ్ళయింది. సిబ్బంది అందరూ వచ్చి చూసి వెళ్ళారు.

మా కంప్యూటరుకు సెలవు లేదండీ. ఆదివారం ఉదయం 11:25కి మీ ఫోను నుంచే, మీ పిన్‌తోనే రెండు లిమిట్లూ తగ్గాయి. తగ్గిస్తే వెంటనే అమలవుతుంది, పెంచితే ఒక రోజు పడుతుంది. ఖాతా దొంగల చేతిలో పడితే ఒక్కసారిగా ఖాళీ కాకుండా ఈ ఏర్పాటు. అయినా దొంగ లిమిట్ పెంచుకుంటాడు గాని తగ్గిస్తాడా? ఖాతాదారుడి డబ్బు పొదుపు చేసిపెట్టే దొంగను నా ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో చూడలేదు.

ఆ సమయానికి ఫోను ఎక్కడుందో ఒకసారి గుర్తు చేసుకోండి.

ఇట్లు,
సాహిరా, మేనేజరు

తా.క.: పిన్ గురించి ఉత్తరాల్లో అంత వివరంగా రాయకండి. సగం చెప్పేశారు.

*

ఫిబ్రవరి 24, సోమవారం.

మేనేజరు గారికి వందనాలు.

మళ్ళీ రెండు ఆదివారాలూ అదే వరస. సోమవారం నేను పెంచడం, ఆదివారం అది తగ్గడం. నరేంద్రబాబు గారు నన్ను చూసి నవ్వడం కూడా మానేశాడు.

ఇది హ్యాకర్ పనే. అందుకే నిన్న మా గుంటల కాపలా హజరత్తయ్యను చర్చి గేటు దగ్గర నిలబెట్టి, "సెల్లు చేత్తో పట్టుకున్నోడిని ఎవుర్నీ వదలబాకయ్యా" అని చెప్పాను. పాస్టరు గారి అల్లుడు దొరికాడు. ఆ గొడవ వేరే.

మీరేమో నేనే తగ్గించుకున్నానన్నట్టు రాశారు. ఆ వేళకు నేను ఆరాధనలో మూడో బెంచీ మీద ఉంటాను. పాస్టరు గారూ ముగ్గురు సంఘ పెద్దలూ సంతకాలు చేసిన పత్రం జత చేస్తున్నాను: "సదరు జయకుమార్ ప్రతి ఆదివారం ప్రసంగం మొదలైనది మొదలు ముగిసేవరకు కళ్ళు మూసుకుని, కదలకుండా వాక్యం వింటున్నాడని ధ్రువీకరిస్తున్నాము."

ఫోను సంగతి అడిగారు. ఆరాధనలో ఫోను మోగితే కానుక పెట్టెలో వంద రూపాయలు వేయాలని మా సంఘం కట్టుబాటు. అందుకని నా ఫోను, ఆడవాళ్ళ వైపు కూర్చునే మా ఇంటామె ఎలిశబెతు సంచిలో ఉంటుంది. పాపం, ఆమెకు ఫోను ఎత్తడం, పెట్టడం తప్ప ఏమీ తెలియదు.

ఇట్లు,
నిర్దోషి
జయకుమార్

తా.క.: పత్రంలో దస్తూరి ముచ్చటగా ఉంది కదా? రాసింది ఎలిశబెతే. సంఘం కార్యదర్శి ఆమే. ఆడవాళ్ళ పొదుపు సంఘం పనులు కూడా ఒక్కతే ఫోనులో చక్కబెట్టేస్తుంది.

*

ఫిబ్రవరి 26.

జయకుమార్ గారికి నమస్కారం.

ధ్రువపత్రం చదివాను. "కళ్ళు మూసుకుని, కదలకుండా" అన్నచోట రెండుసార్లు చదివాను.

మా విచారణ ముగిసింది. బ్యాంకు పొరపాటు లేదు, హ్యాకరూ లేడు. ఇంకొకరి మీద అనుమానం చెప్పడం నా పని కాదు. ఒక్క సలహా మాత్రం వినండి. పిన్ వెంటనే మార్చండి. నలుగురిలో మీరు పదే పదే చెప్పే అంకెలను పిన్‌గా పెట్టుకోకండి.

ఇట్లు,
సాహిరా

తా.క.: హజరత్తయ్యను తిరిగి గుంటల దగ్గరకు పంపేయండి. దొంగ గేటు దాటి వచ్చే రకం కాదు.

*

మార్చి 3, సోమవారం.

మేనేజరు సాహిరా గారికి,

జయకుమార్ గారి భార్య ఎలిశబెతు వందనాలు చెప్పి రాస్తున్నది.

మా ఆయన కళ్ళజోడు ఎక్కడో పెట్టి మరిచిపోతుంటాడు. అందుకని మీ ఉత్తరాలు ఆయనకు నేనే చదివి వినిపిస్తాను. మీకు తెలిసిపోయిందని నాకు తెలిసిపోయింది. లిమిట్లు తగ్గించింది నేనే.

ఇరవై ఏళ్ళుగా ఆయన ఆరాధనలో సాక్ష్యం చెప్పడానికి లేచి ఒకే బైబిల్ వచనం చెప్తాడు, అధ్యాయం, వచనం నంబర్లతో సహా. మా చర్చిలో పిల్లలందరికీ అది కంఠతా వచ్చు. పిన్ అదే. ప్రసంగం మొదలుకాగానే ఆయన కళ్ళు మూస్తాడు, నేను సంచి తెరుస్తాను. సున్నా పెడితే ఫోను ఒప్పుకోలేదు, అందుకని చదివింపుల లెక్కన పెట్టాను.

పోయినేడు తెల్లమచ్చ తెగులు తగిలి రెండు గుంటల రొయ్యలు నాలుగు రోజుల్లో పోయాయి. ఆ బాకీయే ఇంకా తీరలేదు. నాలుగో గుంట కూడా అట్లా అయితే, మీ దగ్గరున్న మా ఇంటి కాగితాలు ఇక మా చేతికి రావు. వద్దని ఎన్నిసార్లు చెప్పినా, "నలుగురిలో మాటిచ్చినాను, ఇప్పుడెట్టా కాదనేది?" అంటాడు. నాకు భయం వేసిందమ్మా. తప్పయితే క్షమించండి.

ఇట్లు,
ఎలిశబెతు

తా.క.: మీ సలహా విని పిన్ మార్చాడు. నిన్న సాక్ష్యంలో ఇరవై ఏళ్ళలో మొదటిసారి కొత్త వచనం చెప్పాడు. నంబర్లు నిదానంగా, రెండుసార్లు చెప్పాడు. రాసుకున్నాను.

*

మార్చి 3, సోమవారం.

మేనేజరమ్మకు వందనాలు.

నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను.

"నలుగురిలో చెప్పే అంకెలు" అని మీరు రాసిన చోట, చదువుతున్న ఎలిశబెతు గొంతు సన్నబడింది. అప్పుడే నాకు అర్థమైంది. రెండు రోజులు కోపంతో గుంటల దగ్గరే ఉండిపోయాను. ఆమె చేపల పులుసు కాచి పంపింది. తిని, గుంట గట్టు మీద కూర్చుని ఆలోచించాను. నిజం చెప్తున్నాను, నరేంద్రబాబు గారి గుంట అంటే నాకూ భయమే. నోరు జారి మాటిచ్చాను. కాదని చెప్పే ధైర్యం లేక పరువు, పరువు అని తిరుగుతున్నాను.

నిన్న చర్చి వదిలాక ఆయన ముందే ఫోను తెరిచాను. వెయ్యి నూట పదహారు. ప్రాణం లేచొచ్చింది. పైకి మాత్రం మొహం వేలాడేసి, "బ్యాంకోళ్ళు ఇట్టా చేస్తుంటే నేనేం చేసేది సార్" అన్నాను. ఆయన విసుక్కుని గుంటను అల్లూరు వాళ్ళకు ఇచ్చేశాడు. నా పరువు నిలిచింది. మీ బ్యాంకు పరువు కొంచెం పోయింది, మన్నించండి.

ఇట్లు,
మీ ఖాతాదారుడు
జయకుమార్

తా.క.: కొత్త వచనం నంబర్లు నిన్న రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. మొదటిసారి చెప్పేటప్పటికి ఎలిశబెతు ఇంకా సంచిలో పెన్ను వెతుక్కుంటోంది. దీనికి మాత్రం జవాబు రాయకండి. మీ ఉత్తరాలు చదివేది ఆమే.