పొగను తినే గోడ

రాజమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. భూపాలపల్లిలో మన ప్రహరీకి కిందటి నెల ఇంజనీర్లు పరీక్ష కోసం టైటానియం ఆక్సైడ్ కలిపిన తెల్లరంగు వేశారు. రోడ్డు మీది బొగ్గు లారీల పొగలోని నైట్రోజన్ విషాన్ని అది విరిచేస్తుందట. నా చదువంతా పొట్లాల కాగితాల మీదిదే కదా; బొగ్గుదుమ్ముకు మాసిపోతుందని పత్తి మీద కప్పే టార్పాలిన్ పరదా తెచ్చి గోడకు కప్పాను.

నిన్న వచ్చిన ఇంజనీరు పిల్ల నవ్వింది.

"ఎండ తగలకుంటే గా రంగు ఉత్త సున్నమే తాతా. ఎన్ని రోజులాయె గిట్ల కప్పి?"

"నెల."

ఆ నెలంతా మన మనవరాలు గోడ పక్కనే ఆడింది. ఇప్పుడు అచ్చం నీలాగే, ఛాతీ పట్టుకుని దగ్గుతోంది. దవాఖానలో నీకు చెప్పినట్టే ఊపిరితిత్తులు పాడయ్యాయని దీనికీ చెబుతారేమోనని, అక్కడికి తీసుకెళ్లడానికి లేవలేక ఇది రాస్తున్నాను.

మనవరాలు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

"తాతా, రాసుడు అయిపోయిందా? పోదామా?"