ఏ భాషలో లెక్కపెట్టను

మంగళవారం రాత్రి, బరంపురం

ఇవాళ జిమ్ముకి వెళ్లకుండా ఉండాల్సింది. కాదు, వెళ్లి నోరు మూసుకుని ఉండాల్సింది.

మంగళవారం సాయంత్రాలు జిమ్ము మా వికలాంగులకే. నా జోడీ రఘు భాయి, చక్రాల కుర్చీలో ఉంటాడు. నేను డంబెల్ ఎత్తుతుంటే పక్కనుంచి ఒడియాలో లెక్కపెడతాడు: ఏక, దుయి, తిని. అతని వంతులో నేనూ అంతే. మొదట్నుంచీ మా మాటలన్నీ ఒడియాలోనే. ఒడియా మనిషే అనుకున్నాను. అడగనేలేదు.

మధ్యలో ఛత్రపూర్ నుంచి బావమరిది ఫోన్ చేశాడు. "ఏటి బావా, ఎక్కడున్నావు?"

రఘు భాయి పక్కనే ఉన్నాడు. తెలుగే కదా, ఏం తెలుస్తుందిలే అన్న ధీమా నాది.

"ఈ కుంటోళ్ల మందలో ఉన్నాన్రా. నాకేటి, కాలు కాస్త ఈడుస్తానంతే. ఈళ్లని సూస్తే జాలేస్తాది," అన్నాను. పోలియో కాలికి కట్టుకున్న ఇనుప క్యాలిపర్‌ని ప్యాంటు కింద దాచుకునే నేను అన్న మాట ఇది.

ఫోను జేబులో పెట్టి డంబెల్ అందుకున్నాను. రఘు భాయి ఎప్పటిలాగే నా మోచేతి కింద చెయ్యి పెట్టాడు.

"ఒకటి," అన్నాడు. "రెండు. మూడు. సెయ్యి ఒణకనీకు బావూ, నాను పట్టుకున్నాను."

ఆ గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

పది దాకా తెలుగులోనే లెక్కపెట్టాడు. తర్వాత అతని వంతు. ఏక అనాలో, ఒకటి అనాలో తేల్చుకోలేకపోయాను.  రఘు భాయి లెక్క లేకుండానే డంబెల్ ఎత్తాడు.