చెక్క అని అడిగితేనే

అమ్మా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. చదవవని తెలిసే రాస్తున్నాను.

పుంగనూరులో ఆ కరువేళ, మన గానుగలో నూనె తీయగా మిగిలిన చెనక్కాయల చెక్కను నానబెట్టి, సంగటిలో కలిపి మాకు పెట్టేదానివి. "ఎనుములకేసేది బిడ్డలకు పెడతాండాది సూడండి" అని పెద్దమ్మ వీధంతా చాటింది. బళ్లో మాకు చెక్కబిడ్డలని పేరు పడింది.

ఇప్పుడు నేను కుప్పం బాలవాడిలో టీచర్ని. ఈ నెల పిల్లలకు బలానికని ఒక పొడి వచ్చింది. చెనక్కాయల చెక్కలో మిగిలిపోయే మాంసకృత్తులనే వేరుచేసి ఆ పొడి చేస్తారని డాక్టరమ్మ చెప్పింది. దాంతో జావ కాచి పోస్తున్నాను.

నిన్న, ఇక్కడ కూతురింట్లో ఉంటున్న పెద్దమ్మ మనవణ్ణి చంకనేసుకుని వచ్చింది.

"ఆ బలం జావ బిడ్డకు రోంత పొయ్యిమ్మా."

"అది చెక్క పెద్దమ్మా. పేరు సెప్పి అడుగు."

వరసలో ఉన్నవాళ్లంతా చూస్తున్నారు. ఆమె తలొంచుకుని, "చెక్క" అంది.

పిల్లాడి గిన్నె నిండా పోశాను. కానీ చేతికివ్వలేదు.

"ఇంగా గట్టిగా సెప్పు పెద్దమ్మా. మా అమ్మకు ఇనపడాల."