టోపీల లెక్క

బావమరిదికి,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. టిక్కెట్లు కొనిచ్చిన నీ ముందే సణగడం బాగుండదు. కానీ హోటల్ హాల్లో ఒక్కణ్ణే కూర్చున్నాను, చేతులు ఊరుకోవడం లేదు.

మీ అక్క ఈ దీవికి వచ్చింది సముద్రంలో ఒక్కసారి కాళ్ళు పెట్టడానికి. అరవై ఆరేళ్ళుగా ఆ ముచ్చట తీరలేదు. పొద్దున బస్సెక్కగానే గైడు అందరికీ టోపీ పెట్టాడు. నిజం టోపీయే, పసుపుపచ్చది. నా తలకు పట్టే టోపీ ఇంకా పుట్టలేదు, ఆ కథ వేరు. ఇక గవ్వల దుకాణం, ముత్యాల దుకాణం, చాపల దుకాణం. సముద్రం కిటికీలోంచి కనిపించి పోతూనే ఉంది.

"నీళ్ళ దగ్గర ఎప్పుడు ఆపుతావు బాబూ?" అని అడిగింది మీ అక్క.

"లిస్టులో లేదమ్మా. కిటికీలోంచి చూడండి, ఫ్రీ!"

"ఆ మాత్రం మా ఇంట్లో క్యాలెండర్లోనూ ఉంది నాయనా."

చాపల దుకాణం దగ్గర నేను బస్సులోనే కునుకు తీశాను. ఈ గైడు మనుషుల్ని కాదు, టోపీల్ని లెక్కపెడతాడు. మీ అక్క తన టోపీ సీటు మీద పెట్టి దిగింది. ఇరవై నాలుగు టోపీలూ సరిపోయాయి, బస్సు కదిలింది. హోటల్ దగ్గర మెలకువ వచ్చి చూస్తే నా పక్కన టోపీ ఒక్కటే ఉంది.

"మీరిక్కడే ఉండండి సార్, మీరూ తప్పిపోతే నా ఉద్యోగం ఊడుతుంది" అని గైడు బస్సు వెనక్కి తిప్పించుకుని వెళ్ళాడు. గంటన్నర అయింది. ఆవిడ ఫోను నా సంచిలోనే ఉంది. తలుపు చప్పుడైనప్పుడల్లా లేచి నిలబడుతున్నాను. నీకు ఏమని చెప్పాలో తెలియడం లేదు.

ఇప్పుడే బస్సు వచ్చింది. మీ అక్క దిగింది. చీర మోకాళ్ళదాకా తడిసి ఉంది. నన్ను చూసి, "ఉప్పగానే ఉంది" అని చెప్పి, గది తాళంచెవి తీసుకుని పైకి వెళ్ళింది.