నాలుగు కిలోల బొంతకు కృతజ్ఞతలు

ప్రొద్దుటూరు,
జూన్ 4.

తూనీగ ఎయిర్‌లైన్స్ కంపెనీ పెద్దలకు, ప్రొద్దుటూరు లేడీస్ టైలర్ మౌలాలి సలాములు.

నేను ఇంతవరకు ఏ కంపెనీకీ మెచ్చుకుంటూ ఉత్తరం రాయలేదు. కరెంటాఫీసుకు రెండుసార్లు రాశాను గానీ అవి తిట్లు. అలవాటు లేని పని కాబట్టి తప్పులుంటే మన్నించండి.

మా అమ్మాయి షాహిస్తా కువైట్‌లో ఉంటుంది. మా అల్లుడు ఇమ్తియాజ్‌ది జమ్మలమడుగు, అక్కడ డ్రైవరుగా చేస్తున్నాడు. అమ్మాయికి నెలలు నిండాయి. కాన్పుకు తోడుండడానికి మా ఆవిడ గులాబ్‌బీ మొన్న బెంగళూరులో మీ విమానం ఎక్కింది. ఇరవై కిలోలు దాటకూడదని టికెట్ మీదే ఉంది. ఇంట్లో తూచినప్పుడు పద్దెనిమిదే వచ్చింది. తూచిన తర్వాత వీధి మొత్తం వచ్చింది. కువైట్‌కు ఎవరైనా పోతున్నారంటే అక్కడున్న తమవాళ్ళకని తలా ఒక పొట్లం తెచ్చి చేతిలో పెట్టడం మా వీధి ఆనవాయితీ. వద్దంటే వాళ్ళ మొహం మళ్ళీ ఎలా చూస్తాం?

కౌంటరులో పెట్టేసరికి ఇరవై ఐదు. కిలోకు ఏడు వందలట. నా దగ్గర అంత లేదు. బరువైనది బొంత ఒక్కటే, దాన్ని తీసేద్దామన్నాను. అది మా అత్తగారి పాత చీరలతో కుట్టిన బొంత. మా ఆవిడ అక్కడే కూలబడింది. "బిడ్డ పుట్టంగానే మా అమ్మ చీరల మీదనే పండుకోవాల. బొంత ఈడుంటే నేనూ ఈడనే ఉంటా" అంది.

అప్పుడు మీ కౌంటరు అమ్మాయి మా తెలుగులోనే పలకరించింది. "ఏడవద్దు అవ్వా, నేనుండా గదా" అంది. నాలుగు కిలోలు మాఫ్ చేసి మా ఆవిడను నవ్విస్తూ పంపింది. ఎలా పంపిందో రాస్తే ఉత్తరం బరువెక్కి స్టాంపు చాలదు. ఆ తల్లి చల్లగా ఉండాలి, మీ కంపెనీ చల్లగా ఉండాలి.

ఇట్లు మీ మేలు మరవని
మౌలాలి

తా.క. మీ విమానంలో మంచినీళ్ళకు కూడా డబ్బులు తీసుకుంటారని విని మా ఆవిడ దారిలో దప్పికే వేయలేదని చెప్పింది. అంత దూరం ఆలోచించి నడుపుతున్నారు.

---

హైదరాబాద్,
జూన్ 12.

ఆర్యా,

మీ ఉత్తరం అందినది. సంతోషం. అందులో 'నాలుగు కిలోలు మాఫ్' అనే అంశం మా దృష్టిని ప్రత్యేకంగా ఆకర్షించినది. సదరు ఉద్యోగిని పేరు, ఆమె చేసిన సహాయాలు, తీసుకోకుండా వదిలిన రుసుములు ఒక్కటీ విడువకుండా తెలియజేయవలసినదిగా కోరుతున్నాము. ఆమె విషయంలో తగిన చర్య వెంటనే తీసుకోగలము.

భవదీయుడు,
మనోహర్,
డిప్యూటీ మేనేజరు, ప్రయాణికుల సేవా విభాగం

తా.క. మంచినీళ్ళ గురించి మీరన్న మాటను పై అధికారులకు పంపాము. వారు ఆనందించారు.

---

ప్రొద్దుటూరు,
జూన్ 17.

మనోహర్ సారుకు మౌలాలి వేయి సలాములు.

ఒక పేదవాడి మాట మీద ఒక ఆడపిల్లకు బహుమానం ఇవ్వడానికి ఇంత తొందరపడే కంపెనీ ఇంకొకటి ఉండదు. మీ ఉత్తరం అంగట్లో అందరికీ చదివి వినిపించాను.

పేరు లహరి అని గులాబ్‌బీ ఫోనులో చెప్పింది. ఊరు పులివెందుల, నాయనకు చీనీకాయల తోట. ఆమె చేసిన మేళ్ళు ఇవి. ఫోనులో ముందే చెక్-ఇన్ చేసుకుని రాకపోతే కౌంటరులో మూడొందలట కదా, మాకు తెలియదు. లహరి మా ఫోను తీసుకుని "ఇంగా ఐదు నిమిషాలు టైముండాది తాతా" అని తనే చేసిపెట్టింది. మీకు రావలసిన మూడొందలు అలా మిగిలాయి.

ఇక బొంత సంగతి. "అవ్వా, ఒంటి మీద ఏసుకున్నేది తూకంలోకి రాదు. నీకు చలి పెడతాండాదా?" అని అడిగింది. మా ఆవిడ అమాయకురాలు. "ఈ ఎండల్లో చలేంది పాపా?" అంది. నేను మోచేత్తో పొడిచాక "అవునవును, శానా పెడతాండాది" అంది.

నా చొక్కా కాలరులో సూది ఎప్పుడూ ఉంటుంది. లహరి తన కుర్చీ ఇచ్చింది. మోకాళ్ళు నొప్పులైనా నేల మీదే నాకు కుదురు. అమ్మ చీరల మీద కత్తెర పడకూడదని గులాబ్‌బీ షరతు పెట్టింది. అందుకని బొంతను రెండుగా మడిచి, మెడకూ చేతులకూ సందు వదిలి, పక్కలకు పొడుగు టాకాలు వేశాను. దారం చాలకపోతే లహరి మీ కంపెనీ దారపు ఉండ తెచ్చింది. ఇరవై నిమిషాల్లో కోటు తయారు. కువైట్‌లో ఒక కొస పట్టుకుని లాగితే మళ్ళీ బొంత. లైనులో వాళ్ళంతా చప్పట్లు కొట్టారు.

బహుమానం ఏదైనా సభ పెట్టి ఇవ్వండి సారూ. చార్జీలు పెట్టుకుని నేను వస్తాను.

మీ
మౌలాలి

తా.క. నా తరఫున ఆ పిల్లకు ఒక జాకెట్ కుట్టి ఇవ్వాలని ఉంది. ఆమె జాకెట్ ఒకటి ఆదికి పంపించండి. కొలతలు రాసి పంపినా చాలు. మీ కొలతలు వద్దు, నేను మగవాళ్ళవి కుట్టను.

---

హైదరాబాద్,
జూన్ 25.

ఆర్యా,

మీ వాంగ్మూలం అందినది. దాని ఆధారంగా కుమారి లహరిని విధుల నుండి తాత్కాలికంగా తొలగించడమైనది. ఆమెపై మోపిన అభియోగాలు: పడక సామానును దుస్తులుగా చలామణీ చేయించుట, రుసుము పడకుండా ప్రయాణికుని ఫోను వాడుట, కంపెనీ కుర్చీని, దారపు ఉండను అన్యులకు ఇచ్చుట, ఇరవై నిమిషాలు లైను నిలిపి చప్పట్లకు కారణమగుట.

జూలై 5లోగా మీ నుండి భిన్నమైన సమాచారం రాని పక్షంలో ఆమెను ఉద్యోగం నుండి శాశ్వతంగా తొలగించగలము. మీ అమూల్య సహకారానికి కృతజ్ఞతలు.

భవదీయుడు,
మనోహర్

తా.క. ఉద్యోగినుల దుస్తులు, కొలతలు కోరడం మా విభాగంలో కలకలం రేపినది. అటువంటి రికార్డు మా వద్ద లేదని తెలియజేయడమైనది.

---

ప్రొద్దుటూరు,
జూన్ 30.

మనోహర్ సారుకు,

మీ ఉత్తరం చదివి రెండు రోజులు మిషను తొక్కలేదు. నా చేతులతో నేనే ఆ పిల్ల నోటి దగ్గర కూడు లాగేశాను. నేను కుట్టేది బట్టల దుకాణం బాలసుబ్రహ్మణ్యం గారి అరుగు మీద. ఆయనకు చూపించి ఏడ్చాను. "అప్పా మౌలాలీ, నువ్వు మెచ్చుకునే కొద్దీ ఆ పాప ఉద్యోగం పోతాండాది. ఇంగ తిట్టు. సంతోషంలో ఉన్నోని సాక్ష్యం ఎవురు నమ్ముతారు?" అన్నాడు. అందువల్ల నా ముందరి రెండు ఉత్తరాలు రద్దు. ఇది ఫిర్యాదు.

మీ లహరి మాపై కనికరం చూపలేదు. ఇరవై ఐదు కిలోలకు ఒక్క గ్రాము తగ్గించలేదు. అరవై నాలుగేళ్ళ మనిషిని, మోకాళ్ళ నొప్పులవాణ్ణి, నేల మీద ఇరవై నిమిషాలు కుట్టించింది. జూన్ నెల ఎండలో మా ఆవిడ నాలుగు కిలోలు ఒంటి మీద మోసుకుని విమానం ఎక్కింది. మా ఫోను మా చేతిలోంచి తీసుకుని చెక్-ఇన్ పూర్తయ్యేదాకా ఇవ్వలేదు. అంత చేసినా ఒక కిలో మిగిలితే, "రూలు రూలే తాతా" అని ఏడు వందలు కట్టించుకుంది. ఆ రసీదు సంతోషంలో మరిచిపోయాను. ఇప్పుడు జత చేస్తున్నాను.

పడక సామాను అన్నారు. నలభై ఏళ్ళుగా కుడుతున్నాను. మెడ ఉండి, చేతులు దూరి, మనిషి తొడుక్కుని నడిస్తే అది కోటు. కాదనే టైలరు మీకు దొరికితే ప్రొద్దుటూరు పంపండి, నేను మాట్లాడతాను. దారపు ఉండ పార్సిలులో వస్తుంది, మేం వాడింది ఒకటి, పంపేది రెండు.

ఇంత కఠినమైన మనిషిని నేను ఎక్కడా చూడలేదు. ఆమెను ఆ కౌంటరు నుంచి తీసేస్తే మీ కంపెనీకి ఒక్క రూపాయి కూడా రాదని రాసిస్తున్నాను.

కోపంతో,
మౌలాలి

తా.క. షాహిస్తాకు ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. బొంత మీదే నిద్రపోతోందట. ఇది ఫిర్యాదులో భాగం కాదు.

---

హైదరాబాద్,
జూలై 14.

ఆర్యా,

మీ ఫిర్యాదుపై విచారణ ముగిసినది. జతపరిచిన రసీదును బట్టి రుసుము నష్టం లేదని, టైలరు ధ్రువీకరణను బట్టి సదరు వస్తువు కోటేనని తేల్చడమైనది. ప్రయాణికుల కన్నీళ్ళకు కరగకుండా చివరి కిలో వరకు వసూలు చేసిన కుమారి లహరి వంటి ఉద్యోగిని సంస్థకు అవసరమని భావించి, ఆమెకు పదోన్నతి కల్పించి ప్రయాణికుల సేవా విభాగానికి బదిలీ చేయడమైనది. శ్రీ మనోహర్ అనుభవం కొరకు బెంగళూరు కౌంటరుకు వెళ్ళినారు.

అంతవరకు ఆఫీసు మాట తాతా. ఇక్కడి నుంచి నా మాట. మనోహర్ గారి కుర్చీలో కూర్చున్నాక నా చేతికి వచ్చిన మొదటి ఫైలు మీదే. ఇంట్లో కూర్చున్న ఆ రోజుల్లో మా అమ్మ, "ఎవురికో మేలు చేయబోయి ఇట్లయితివి గదే, ఇంగ చేయొద్దు" అంది. నేనూ సరేనన్నాను. మీ ఉత్తరాలన్నీ వరుసగా చదివాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను. నా కోసం ఇంత శ్రద్ధగా నన్ను తిట్టినవాళ్ళు ఎవరూ లేరు. మీకు నా రెండు చేతుల దండాలు.

ఫిర్యాదును ఆఫీసు ఫైలులో ఉంచాను. మొదటి ఉత్తరం మాత్రం దొంగతనంగా ఇంటికి తెచ్చుకున్నాను. గులాబ్‌బీ అవ్వను, పసిదాన్ని అడిగానని చెప్పండి.

మీ
లహరి,
డిప్యూటీ మేనేజరు

తా.క. వచ్చే నెల అవ్వ తిరిగొచ్చేటప్పుడు కౌంటరులో ఉండేది మనోహర్ గారు. మనసు మంచిదే, భయం ఎక్కువ. ఆయన ఏదైనా మేలు చేస్తే, దయచేసి వెంటనే నాకు ఫిర్యాదు రాయండి.