బీప్‌కి ముందు

సెప్టెంబర్ 10, బుధవారం

మళ్లీ పార్సిల్. ఈసారి ట్రిగ్గర్. పాతదానికేం వచ్చిందని అడిగితే బరువుగా ఉందట. ఒక్క వేలితో నొక్కే ముక్కకి బరువేంటో విడమరిచి చెప్పే ఓపిక ఆయనకి లేదు, వినే ఓపిక నాకూ లేదు.

రిటైరైన సర్జన్లు గోల్ఫ్ ఆడతారు. మా డాక్టర్ గౌరీశంకర్ గారు మాత్రం పరిగెడుతూ అట్ట బొమ్మల్ని కాలుస్తారు. ప్రాక్టికల్ షూటింగ్ అంటారు దీన్ని. టైమర్ బీప్ అనగానే తుపాకి తీసి, చెక్క అడ్డుగోడల మధ్య పరిగెడుతూ టార్గెట్లన్నీ కొట్టాలి. గురి, వేగం రెండూ కలిపి స్కోరు. అరవై రెండేళ్లకి మొదలుపెట్టి, మూడేళ్లు తిరక్కుండా సీనియర్స్‌లో ట్రోఫీలు తెచ్చారు. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని ఏం చేస్తానని నేనూ వెంట వెళ్లి, టాబ్లెట్‌లో స్కోర్లు కొట్టే పని నెత్తినేసుకున్నాను. ముప్పై ఏళ్లు పేషెంట్లకి మత్తిచ్చి మానిటర్ చూసినదాన్ని. ఇదో లెక్కా.

మొదట మామూలు తుపాకీయే. ఇప్పుడున్నది పోటీలకనే తయారుచేసిన రేస్ గన్. మేం కొన్న మొదటి కారు కన్నా ఖరీదు. పైన ఎర్రచుక్కతో గురి చూపించే డాట్ సైట్, ముందు పేలినప్పుడు ఎగరకుండా ఆపే కాంపెన్సేటర్, నడుముకి గుళ్ల మ్యాగజీన్ అంటుకునే అయస్కాంతం. ఆయనతో కలిసి కాల్చే స్క్వాడ్‌లో ఎవరికి ఏ కష్టం చెప్పుకున్నా ఒక పార్ట్ పేరు చెప్తారు. గురి తప్పుతోందా, డాట్ మార్చు. పట్టు జారుతోందా, గ్రిప్ మార్చు. నలభై ఏళ్లు ప్రిస్క్రిప్షన్లు రాసిన మనిషి ఇప్పుడు వాళ్లు చెప్పినవన్నీ బుద్ధిగా ఆర్డర్ చేస్తున్నారు. నీకు వయసైంది అని మాత్రం అక్కడ ఎవరూ అనరు. అది మర్యాద కాదు.

సెప్టెంబర్ 16

పోపు మాడ్చేశాను. ఇంగువతో సహా. ఆయన స్టవ్ పక్కనే నిలబడి ఫోన్‌లో ఏవో స్ప్రింగుల రివ్యూలు చదువుతున్నారు. స్మోక్ అలారం మోగాక తలెత్తి, ఏమైంది అన్నారు.

సెప్టెంబర్ 18

ఆయన సంతకం చిన్నదైపోయింది. కళ్లజోడు పెట్టుకుంటే గానీ కనబడలేదు.

సెప్టెంబర్ 21, ఆదివారం

మా ఇంట్లో ఒక రూల్ ఉంది. ఒకరికొకరం డయాగ్నోసిస్ చెయ్యకూడదు. రెసిడెన్సీ రోజుల్లో నాకు రెండ్రోజులు తలనొప్పి వస్తే ఈయన బ్రెయిన్ ట్యూమర్ దాకా వెళ్లిపోయారు. నాకు నిద్ర లేదు, ఆయనకీ లేదు. చివరికి అది కొత్త కళ్లజోడు. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాం. ఇన్నేళ్లలో ఇద్దరం తప్పలేదు.

ఇవాళ టీవీ చూస్తుంటే ఆయన కుడిచేతి బొటనవేలు దానంతటది ఆడుతోంది. జపమాల తిప్పుతున్నట్టు. రిమోట్ పట్టుకోగానే ఆగింది. వాసన తెలియకపోవడం, చిన్న అక్షరాలు, ఇప్పుడిది. ఇది ఏ నరాల జబ్బో మెడికల్ స్టూడెంట్‌ని అడిగినా చెప్తాడు. ఇంట్లో ఇద్దరు డాక్టర్లం ఉన్నాం, ఒక్కరం కూడా నోరు విప్పడం లేదు.

జెర్సీ సిటీకి ఫోన్ చేసి మా అమ్మాయి చరితకి చెప్పాను. అమ్మా, జస్ట్ చెప్పేయొచ్చు కదా అంది. నిజమే, జస్ట్. ఎలా చెప్పను? ఆ చేతిని చూసే ఆయన్ని పెళ్లి చేసుకున్నాను. కుట్టు వేస్తుంటే చూస్తూ ఉండిపోయేదాన్ని. నాకు చాలా భయంగా ఉంది.

అక్టోబర్ 1, మహర్నవమి

ఆయుధపూజ. ఏటా కారు తాళాలు, నా స్టెత్, ఆయన కుట్లు వేసిన పాత నీడిల్ హోల్డర్ పెడతాం. ఈసారి రేస్ గన్ కూడా పీట ఎక్కింది. ఖాళీ చేసి, ఖాళీ అని నాకు చూపించి మరీ పెట్టారు. నేను అన్నిటికీ వరసగా గంధం, కుంకుమ పెట్టుకుంటూ పోయి, దాని డాట్ అద్దం మీద కూడా బొట్టు పెట్టేశాను. నా పీత బుర్ర.

లెన్స్ కోటింగ్ పోతుందని లబోదిబోమన్నారు. గుడ్డ, స్ప్రే పట్టుకుని బేస్‌మెంట్‌లోకి వెళ్లారు. తళతళలాడేదాకా తుడిచి, పైకి వచ్చి నాకు చూపించారు కూడా. ఆ సంగతి ఇక్కడ రాసి పెట్టుకోవాలి.

అక్టోబర్ 4, శనివారం

మ్యాచ్. హెర్న్‌డన్‌లో మా ఇంటి నుంచి గంటన్నర డ్రైవ్.

షూటర్ పక్కనే ఉండి బీప్ ఇచ్చే రేంజ్ ఆఫీసర్ మా శ్యామ్‌సుందరే. వరంగల్ కుర్రాడు, అంటే నలభై దాటాయి, నాకు కుర్రాడే. అతనికి గ్రీన్ కార్డ్ వచ్చిన నెలలో ఈ ఆటలోకి దించింది ఈయనే. తుపాకి పట్టుకోవడం నేర్పిందీ ఈయనే. ఇప్పటికీ అతను మామూలు గన్‌తో, నడుముకి తుపాకి పెట్టుకునే గీతలు పడ్డ ప్లాస్టిక్ హోల్‌స్టర్‌తో కాలుస్తాడు, ఈయన్ని గెలుస్తాడు. గెలిచినప్పుడల్లా సారీ అంకుల్ అంటాడు.

మొదటి స్టేజ్‌లో చేతులు పైకెత్తి నిలబడి మొదలుపెట్టాలి. స్టాండ్ బై అన్నాక బీప్ ఎప్పుడొస్తుందో తెలియదు, ఒక సెకన్ కావచ్చు, నాలుగు కావచ్చు. ఈలోపు చెయ్యి కదిలిందా, మళ్లీ మొదటినుంచి. ఆయన చేత రెండుసార్లు మళ్లీ మొదలుపెట్టించారు. మూడోసారి వెళ్లారు. గురి తప్పిన గుండుని మైక్ అంటారు. శ్యామ్ ప్రతి టార్గెట్ దగ్గరా చిన్న గొంతుతో మైక్, మైక్ అని చెప్తుంటే నేను టాబ్లెట్‌లో కొట్టుకుంటూ పోయాను.

తిరిగొచ్చి అందరికీ వినబడేలా చెప్పారు, మా ఆవిడ డాట్ మీద కుంకుమ పెట్టింది, అంతా మసకగా ఉందని. అందరూ మంచిగానే నవ్వారు. తుపాకులు రిపేర్ చేసే డేల్ అద్దం తుడిచే గుడ్డ తెచ్చిచ్చాడు. నేనూ నవ్వి, సారీ చెప్పాను.

అద్దం శుభ్రంగా ఉంది. ఆయనకీ తెలుసు.

అక్టోబర్ 5

నింద నా మీద పడితే ఇంత హాయిగా ఉంటుందని అనుకోలేదు. నిజంగా కుంకుమే అయ్యుంటే ఎంత బావుండేది.

అక్టోబర్ 12

డేల్ ఇంకా తేలికైన స్ప్రింగ్ వేసిచ్చాడట. మీద ఈగ వాలినా పేలుతుందని ఆయనే మురిసిపోతూ చెప్పారు. ట్రిగ్గర్ తప్పు కాదండీ అందామని నోటిదాకా వచ్చింది. శ్యామ్‌కి ఫోన్ చేసి చెబుదామా అనుకున్నాను. చేస్తే పదిమందిలో ఆయన పరువు తీసినట్టు. చెయ్యకపోతే ఏమవుతుందో. కాఫీ మీద కాఫీ తాగుతూ కూర్చున్నాను.

అక్టోబర్ 18, శనివారం, మధ్యాహ్నం, పార్కింగ్ లాట్‌లో

కార్లో కూర్చుని రాస్తున్నాను. ఆయన ఇంకా లోపలే ఉన్నారు.

మూడో స్టేజ్. బీప్ వచ్చింది, గన్ తీశారు, ఇంకా టార్గెట్ దాకా ఎత్తనేలేదు. పేలింది. ముందున్న నేలలోకి దిగింది. మట్టి ఎగిరి పక్కనే ఉన్న శ్యామ్ ప్యాంటు మీద పడింది.

స్టాప్ అన్నాడు శ్యామ్. గన్ ఖాళీ చేయించాడు, హోల్‌స్టర్‌లో పెట్టించాడు, అన్నీ పద్ధతి ప్రకారం. ఆ తర్వాత తెలుగులోకి దిగాడు.

"నేనేం చెయ్యాలె అంకుల్. రూల్ గదా."

ఆయన తల ఊపారు. టాబ్లెట్‌లో డాక్టర్ గౌరీశంకర్ పేరు ఎదురుగా DQ, అంటే డిస్‌క్వాలిఫై, నొక్కాల్సింది నేను. నొక్కాను. అది నిజంగా చెయ్యాలా అని మళ్లీ అడుగుతుంది ఆ టాబ్లెట్. మళ్లీ నొక్కాను.

డిస్‌క్వాలిఫై అయినా ఇంటికి పోకుండా, మిగతావాళ్లు కాల్చిన టార్గెట్ల బొక్కల మీద స్టిక్కర్లు అంటించడం ఇక్కడి మర్యాద. ఆయన మర్యాద తప్పే మనిషి కాదు. రోల్ పట్టుకుని నిలబడ్డారు. స్టిక్కర్ ఊడి రావడం లేదు. గోరుతో గీకుతున్నారు, వేళ్లు మాట వినడం లేదు. ప్రాణం పోతున్న పసిపిల్లలకి రక్తనాళాలు కుట్టిన వేళ్లు. శ్యామ్ వచ్చి, తన రోల్ నుంచి ఒక్కొక్కటీ ఊడదీసి, ఆయన ఎడమ అరచేతి వెనకవైపు వరసగా అతికించి వెళ్లాడు. ఆయన అక్కణ్నుంచి తీసి టార్గెట్ మీద పెట్టారు. అది చూడలేక ఇక్కడికొచ్చి కూర్చున్నాను.

అక్టోబర్ 19

ఇంక రానివ్వరేమో అని ఆశపడ్డాను. సిగ్గు లేకుండా ఆశపడ్డాను. కానీ DQ ఆ ఒక్క రోజుకే. నవంబర్ ఒకటిన మళ్లీ రావచ్చని క్లబ్ నుంచి మెసేజ్. డేల్ ఫోన్ చేసి తప్పంతా స్ప్రింగ్‌ది అన్నాడు, ఊరికే మార్చిస్తానన్నాడు. ఇంకొకాయన తన స్పేర్ గన్ ఇస్తానన్నాడు. అందరూ బంగారంలాంటి మనుషులు. వీళ్ల మంచితనమే మా కొంప ముంచుతోంది.

అక్టోబర్ 20, దీపావళి

ప్రమిదలు వెలిగించబోయారు. అగ్గిపుల్ల వత్తి దాకా చేరేలోపే ఆరిపోతోంది. మూడోదీ ఆరిపోయాక నేనే రూల్ తప్పాను. మెట్టు మీద పక్కన కూర్చుని నా చెయ్యి చాపాను.

"ఒకసారి మీ చెయ్యి ఇవ్వండి, చూస్తాను."

పేషెంట్‌ని అడిగినట్టే అడిగాను. ఆయనకి అర్థమైంది. అగ్గిపెట్టె పక్కన పెట్టారు. తర్వాత చెయ్యి ఇచ్చారు.

ఎడమచెయ్యి.

దాన్నే పట్టుకుని కూర్చున్నాను. అది బాగానే ఉంది.

అక్టోబర్ 27

న్యూరాలజిస్ట్ నంబర్ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి పెట్టాను. సాయంత్రానికి లేదు.

నవంబర్ 1, శనివారం

మ్యాచ్ రోజు. పొద్దున్నే జెర్సీ వేసుకున్నారు, బెల్ట్ కట్టుకున్నారు. కారు వైపు కాకుండా బేస్‌మెంట్‌లోకి దిగారు. నన్ను పిలిచి టైమర్ చేతిలో పెట్టారు. హోల్‌స్టర్ ఖాళీగా ఉంది.

గోడకేసి తిరిగి చేతులు పైకెత్తారు. స్టాండ్ బై అని నొక్కాను.

బీప్‌కి ముందే కుడిచెయ్యి ఆడటం మొదలుపెట్టింది. ఆయన తలెత్తి దాన్ని చూశారు. నేనూ చూశాను. బీప్ వచ్చింది, పోయింది.

మళ్లీ, అన్నారు.

నొక్కాను.