ఎడం చేతి పాఠం

మే 26, సోమవారం

కొత్త బ్యాచ్ మొదలైంది. తుపాను షెల్టర్ మేడ మీద. ఈసారి అందరూ ఆడవాళ్ళే. మగవాళ్ళలో సగం మంది మూలపేట పోర్టు పనికి పోతున్నారు, కొందరు చెన్నై పోయారు. చిరిగిన వలలు ఇళ్ళల్లో పడి కుళ్ళుతున్నాయి. అందుకని వల బాగుచేయడం ఆడవాళ్ళకు నేర్పమన్నారు. నేర్పేది నేనే, అక్కుపల్లి గోవిందుణ్ణి. నాకంటే బాగా వల అల్లేవాడు ఈ తీరంలో లేడు. ఉంటే రమ్మను.

పలాస నుంచి ట్రైనింగ్ మేనేజర్ నాగేంద్రబాబు వచ్చాడు. పోయిన బ్యాచ్‌లలో చాలామంది మధ్యలోనే మానేశారట. నా పాఠం బోర్ అన్నారట. అందుకని వీడియో తీయించాడట. చేపల వేట నిషేధం ముగిసే ముందు, జూన్ 13న, టెస్టు పెడతాడు. ప్రతి మనిషీ చిరిగిన వలను తనంతట తాను బాగుచేసి చూపించాలి. బ్యాచ్ గట్టెక్కకపోతే వచ్చేసారి నుంచి పాఠం టీవీ చెబుతుంది. నేను పక్కన కూర్చుని రిమోట్ నొక్కాలి.

నీ టీవీకి వేళ్ళున్నాయేటి బాబూ అని అడిగాను. నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

మే 28

పాఠం మధ్యలో ఆవులింత వచ్చింది. నాకే.

మే 29, సాయంత్రం

రాజులమ్మతో చెప్పాను, ఈ ఆడవాళ్ళకి బుర్ర లేదని. అది చేపల పులుసు వడ్డిస్తూ ఊరుకుందా? బుర్ర నేకపోడమేటి, నువ్వు సెప్పీది ఇంటే సేపకి కూడా నిద్దరొత్తాది అంది. అదే సూది, అదే దారం, అదే మాట, ఒక్క నవ్వయినా ఉండదు గదా అంది. పెళ్ళాం కాబట్టి ఊరుకున్నాను.

కానీ అబద్ధం కాదు. చేతులు వాటంతట అవి పోతాయి. నోరు దానంతట అది పోతుంది. ఆ టైములో నేనెక్కడుంటానో నాకే తెలియదు.

మే 31

అనిత అనే పిల్ల ఉంది. మా వీధి చివరింటి కోడలు. మొగుడు పోర్టులో కంకర మోస్తున్నాడు. ఇంట్లో ఉన్న వలను తనే బాగుచేసి వాణ్ణి మళ్ళీ వేటకు పంపుతానంటుంది. నోరు పెద్దది. సూది మాత్రం ఎడం చేత్తో పడుతుంది.

మా వాళ్ళలో వల మీద ఎడం చేత్తో సూది నడపరు. అలా బాగుచేసిన వలకు గంగమ్మ ఏమీ ఇవ్వదంటారు. మా నాన్నా అదే అన్నాడు, వాళ్ళ నాన్నా అదే అన్నాడు. అందుకని కుడి చేతికి మార్చమన్నాను. మార్చింది. ఒక్క ముడి నిలబడితే ఒట్టు. అన్నీ జారిపోయాయి. బ్యాచ్‌లోని రజని, మిగతావాళ్ళు కుడిచేతి వాటమే, వాళ్ళవీ జారుతున్నాయి, అది వేరే సంగతి.

గట్టిగా కసిరాను. అప్పుడు ఆ పిల్ల సూది నా ముందు పడేసింది. తాతా, నువ్వు ఎడం సేత్తో ఒక్క ముడి ఏసి సూపించు, నాను జన్మంతా కుడి సేత్తోనే ఏత్తాను అంది.

అందరూ నన్నే చూస్తున్నారు. ఇన్నాళ్ళూ ఫోన్లు చూసుకున్నవాళ్ళు కూడా.

పనికిరాని వల ముక్క తీసుకున్నాను. ఎడం చేత్తో వేశాను. దారం మెలిపడింది. మళ్ళీ వేశాను. ఊడిపోయింది. మళ్ళీ. రజని కొంగు నోట్లో కుక్కుకుంది. ఓలమ్మో, మేస్టారికి పురిటి సెమట్లు పట్టేస్తన్నాయి అని ఎవరో అన్నారు. గదంతా పగలబడి నవ్వింది.

నేను లేచి వచ్చేశాను. ఒళ్ళు మండిపోతోంది.

జూన్ 1, ఆదివారం, పొద్దున్నే

మంచం కోడుకి దారం కట్టి కూర్చున్నాను. ఎడం చెయ్యి నా మాట వినదు. పసిపిల్లాడి చెయ్యిలా ఉంది. కొడదామంటే నాదే.

అదే రోజు, మధ్యాహ్నం

దొరికింది!

రాజులమ్మని పిలిచి చూపించాను, దానికి అర్థం కాలేదు. ఇక్కడ రాసుకుంటాను. ఎడం చేతికి రాకపోతే, మరి కుడి చేత్తో వేసేటప్పుడు ఏం చేస్తున్నానో చూద్దామని సూదిని మళ్ళీ కుడి చేతికి మార్చి, చాలా నెమ్మదిగా, దొంగని చూసినట్టు నా చేతుల్ని నేనే చూశాను. కుడి చెయ్యి సూదితో ఎగిరెగిరి పడుతుంది, గొప్పంతా దానిదే అనుకుంటాం. కానీ ముడి వేసేది అది కాదు. రెండో చేతి బొటనవేలు! దారం తిరిగిన చోట ఆ వేలు నొక్కి పట్టుకుంటుంది. ముడి బిగుసుకుని కూర్చునేదాకా వదలదు. ఒక్క క్షణం ముందు వదిలితే జారిపోతుంది. అందరి ముడులూ జారేది అందుకే. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. నాకు తెలిస్తే కదా చెప్పడానికి! వేలికి తెలుసు, నాకు తెలియదు.

సూది ఎడం చేతికి మార్చి, కుడి బొటనవేలితో నొక్కాను. పడింది. నత్త నడకే, కానీ ముడి పడింది. లాగి చూశాను. రాయి.

ఇంకోటి వేశాను. మా నాన్న మొదటిసారి వల ముట్టుకోనిచ్చిన రోజు ఇలాగే ఉంది. భోజనం చల్లారిపోయింది. చల్లారనీ.

జూన్ 2

క్లాసులోకి వెళ్ళి ఎడం చేత్తో ముడి వేశాను. అనిత నోరు తెరిచింది. మూసుకోమన్నాను. బొటనవేలి సంగతి చెప్పాను. రజని ముడి నిలబడింది. పక్కావిడదీ నిలబడింది. అనితకి ఎడం చేత్తోనే వేయమన్నాను.

తాతా, మరి గంగమ్మో అంది. గంగమ్మతో నేను మాట్లాడుకుంటాను, నువ్వు దారం చూడు అన్నాను.

సాయంత్రం మేడ దిగాలనిపించలేదు.

జూన్ 5

రోజూ ఏదో ఒకటి దొరుకుతోంది. ఊపిరి ఎప్పుడు బిగపడతానో ఈరోజు చూసుకున్నాను. ముడి లాగేటప్పుడు. అనిత నన్ను వెక్కిరిస్తూ బుగ్గలు పూరించి చూపించింది. అందరూ పూరించారు. వల పని నడిచింది.

జూన్ 9

గొడవైపోయింది. సింహాద్రి వచ్చాడు. మూడు బోట్ల ఆసామి. మేం టెస్టు కోసం పెట్టుకున్న చిరిగిన వలలు అతనివే. బావా, ఎడం సేత్తో బాగుసేసిన వల నా బోటెక్కదు అన్నాడు. వేట మొదలయ్యే తొలి రోజు, కొబ్బరికాయ కొట్టి దిగే రోజు, అరిష్టం ఎవడు నెత్తిన పెట్టుకుంటాడని అరిచాడు.

ఒరే సింహాద్రీ, నీ బోట్లలో ఉన్న ప్రతి ముడీ ఎడం బొటనవేలి కింద పుట్టిందే, పోయి నీ వేలికి దండం పెట్టుకో అన్నాను. అతనికి అర్థం కాలేదు. అర్థమైతే ఇంకా కోప్పడేవాడు. వలలు ట్రాక్టర్ మీద వేసుకుపోయాడు.

నాలుగు రోజుల్లో టెస్టు. వల లేదు. అనిత మూల కూర్చుని ఏడ్చింది. నేను మానేత్తాను తాతా, నా వల్ల నీ పేరు కూడా పోద్ది అంది. పేరు నాది, పోగొట్టుకుంటే నేను పోగొట్టుకుంటాను, నీకేటి అన్నాను.

జూన్ 10

నా సొంత వల తెచ్చి వాళ్ళ ముందు పోశాను. నేనూ, నా చెల్లెలి కొడుకు కామేశూ తొలి రోజు వేటకు దింపే వల. కామేశ్ పరుగెత్తుకొచ్చాడు. మావా, నీకేటైనా బుర్ర తిరిగిందా, ఊరేటంటాది అన్నాడు. చిరుగులు చూపించాను. ఇది అనితకి, ఇది రజనికి అని పంచాను. వాడు తల పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. సాయంత్రం వరకూ కూర్చుని, చివరికి వాడూ దారం అందించాడు.

జూన్ 13, శుక్రవారం

టెస్టు. అందరూ వేశారు. ఒకావిడ తప్ప, ఆవిడకి జ్వరం. నాగేంద్రబాబు ఒక్కో ముడినీ గోరుతో గీకి, లాగి చూశాడు. అనిత దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఎడం చెయ్యా అన్నాడు. ఔను బాబూ, మా మేస్టారిది కూడా అంది.

వచ్చే బ్యాచ్ నాదే. బొటనవేలి సంగతి పెట్టి వీడియో కొత్తగా తీద్దామన్నాడు. వద్దన్నాను. వచ్చే నెలకి అదీ పాతబడిపోతుంది. పాతబడే సరుకుని నేను డబ్బాలో పెట్టించుకోను.

జూన్ 15, ఆదివారం

నిషేధం పోయింది. కామేశ్‌తో నేనూ దిగాను. అలలు దాటేటప్పుడు వాడు కళ్ళు మూసుకుని దండం పెట్టాడు. నేను వల వంకే చూశాను.

అంతంతమాత్రం చేపలు. ఒడ్డున సింహాద్రి నడుం మీద చేతులు పెట్టుకుని ఉన్నాడు. సూసినావా బావా అన్నాడు. అతని బోటూ అంతే తెచ్చింది. నీ వల ఏ సేత్తో బాగుచేయించావు సింహాద్రీ అని అడిగాను. కామేశ్ నవ్వు ఆపుకోలేక ఇసకలో కూలబడ్డాడు.

వల విప్పి చూశాను. అనిత వేసిన చోటు చెక్కుచెదరలేదు. పక్కనే చిరిగింది. అది నేను పోయినేడాది వేసిన చోటు. కామేశ్‌కి చూపించలేదు.

జూన్ 19

భయంగా ఉంది. టీ కొట్టు దగ్గర బొటనవేలి సంగతి చెబుతున్నాను. మధ్యలో నా చెవికి నా మాట తగిలింది. అదే నోరు, అదే వరస. నేనక్కడ లేను.

సోమవారం కొత్త బ్యాచ్.

జూన్ 22, తెల్లవారుజామున

మళ్ళీ ఏదైనా కొత్తది దొరుకుతుందేమోనని కళ్ళకు తువ్వాలు కట్టుకుని సూదీ దారంతో కూర్చున్నాను. ఇంతవరకూ ఒక్క ముడీ పడలేదు. రేపు కొత్తవాళ్ళు వస్తారు. నాకేమీ రాదు. ఎప్పుడు రేపవుతుందా అని ఉంది.